అభిప్రాయం మీది, ఆధారం మాకివ్వండి: పాత వెండి నాణేలు వేలం వేసేవారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఆన్‌లైన్‌లో పాత వెండి నాణేలను వేలం వేసే సంస్థలవారికి ఈ ఉత్తరం. కేటలాగ్‌లో నాణెం గురించి నాలుగు వాక్యాలు రాసేవాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళు, మా ఫిర్యాదులకు జవాబిచ్చేవాళ్ళు అందరూ చదవాలని నా కోరిక. పన్నెండేళ్ళుగా మీ వేలాల్లో కొంటున్నాను. నా దగ్గరున్న మంచి నాణేల్లో చాలావరకు మీ ద్వారా వచ్చినవే. ఇల్లు కదలకుండా ఏ దేశపు నాణేన్నైనా చూసే వీలు మీరు కల్పించారు. ఆ కృతజ్ఞత ఉంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట ఒక వేలంలో 1881 నాటి మోర్గన్ డాలర్ అనే అమెరికా వెండి నాణెం పాడుకున్నాను. శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలది. 1879 నుంచి 1882 దాకా అక్కడ తయారైన డాలర్లకు మెరుపులోనూ, ముద్ర స్పష్టతలోనూ మంచి పేరుంది. వర్ణనలో ‘చలామణీ కాలేదు, నిగనిగలాడుతోంది’ అని ఉంది. ఫోటోలో కడిగిన ముత్యంలా కనిపించింది. పార్సిల్ విప్పి, నాణేన్ని బల్ల మీది దీపం కింద పట్టుకుని కొద్దిగా వంచాను. దాని నిండా వెంట్రుకల్లాంటి సన్నని గీతలు, అన్నీ ఒకే దిక్కుగా ఉన్నాయి. ఎవరో గుడ్డ పెట్టి గట్టిగా రుద్దారు. నాణేన్ని తిప్పితే దాని మీద వెలుగు కూడా తిరగాలి. ఇక్కడ వెలుగు రేకు మీద పడ్డట్టు పడి అక్కడే ఆగిపోయింది.

ఆ రోజే సంస్థకు రాశాను. ‘గ్రేడింగ్ అనేది అభిప్రాయం మాత్రమే, అందువల్ల వాపసు తీసుకోలేం’ అని జవాబు వచ్చింది. గ్రేడింగ్ అంటే నాణెం స్థితిని బట్టి దానికి అంకె వేయడం. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అలాంటి వాక్యం నేను చదివిన చాలా సంస్థల నిబంధనల్లో ఉంది. నా ఉత్తరం ఆ వాక్యం గురించే.

ఒప్పుకోవాల్సింది ముందు ఒప్పుకుంటాను. గ్రేడ్ అభిప్రాయమే. ఇప్పుడు అందరం వాడుతున్న 1 నుంచి 70 వరకు ఉన్న కొలమానాన్ని విలియం షెల్డన్ 1949లో తయారుచేసింది వెండి నాణేల కోసం కానే కాదు, అమెరికా తొలినాటి రాగి సెంట్ల కోసం. ఆయన దృష్టిలో ఆ అంకె ధరకు గుణకం. 1వ గ్రేడ్ నాణెం విలువకు 70వ గ్రేడ్ నాణెం 70 రెట్లు విలువ చేస్తుందని లెక్క. ఆ లెక్క ఎప్పుడో చెదిరిపోయింది, అంకెలు మాత్రం మిగిలాయి. 1970ల్లో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ అనే నాణేల సంఘం వాటిని మిగతా నాణేలకూ వర్తింపజేసింది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు మొదలై, నాణేన్ని స్లాబ్ అనే గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి దాని మీద అంకె వేసి ఇవ్వడం వ్యాపారంగా స్థిరపడింది. ఇన్ని జరిగినా, ఒకే నాణేన్ని రెండుసార్లు పంపితే ఒకసారి 63, మరోసారి 64 రావడం ఇప్పటికీ ఉంది. చూసేది మనిషి కన్ను కాబట్టి అలా జరుగుతుంది. 63కీ 64కీ మధ్య నేను ఎవరితోనూ గొడవపడను.

అరుగుదల దగ్గర కూడా నిజాయితీగానే పొరపాటు జరగవచ్చు. బొమ్మలో ఎత్తుగా ఉండే చోట, చెవి మీది జుట్టు దగ్గరో, గద్ద రొమ్ము దగ్గరో, వివరం చదునుగా ఉందనుకోండి. అది చేతులు మారి అరిగిపోయి ఉండవచ్చు, లేదా టంకశాలలోనే డై (ముద్ర వేసే అచ్చు) దెబ్బ సరిగా పడకపోయి ఉండవచ్చు. దెబ్బ సరిగా పడని చోట మెరుపు ఉంటుంది. అరిగిన చోట మెరుపు పోయి బూడిదరంగు వస్తుంది. చేతిలో ఉంటే ఈ తేడా తెలుస్తుంది, ఫోటోలో తెలియదు. అందుకే అరుగుదల విషయంలో మీ మాట నమ్ముతాను. ఆ మాట కొద్దిగా తప్పినా సర్దుకుంటాను.

కానీ నాణేన్ని రుద్దారా లేదా అన్నది అభిప్రాయం కాదు. అది జరిగిందో జరగలేదో రెండిట్లో ఒకటే.

డై దెబ్బ పడగానే వెండి మధ్య నుంచి అంచుల వైపు పాకుతుంది. ఆ పాకిన జాడలే కంటికి కనపడనంత సన్నని గీతలుగా మిగులుతాయి. దీపం కింద నాణేన్ని తిప్పితే వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరిగేది వాటివల్లే. మేం లస్టర్ అనేది దాన్నే. ఇది నాణెం పుట్టినప్పుడు ఒక్కసారే వస్తుంది. గుడ్డతో, టూత్‌పేస్టుతో, పాలిష్‌తో రుద్దితే ఆ గీతలు చెరిగిపోయి వాటి చోట రుద్దిన గీతలు వస్తాయి. నలుపు పోగొట్టే ద్రావణంలో ముంచడం ఇంకో పద్ధతి. అందులో సాధారణంగా థయోయూరియా, ఆమ్లం ఉంటాయి. వెండి మీది నలుపు బయటినుంచి వచ్చి అంటుకున్న మురికి కాదు, నాణెంలోని వెండే గంధకంతో కలిసి సల్ఫైడ్‌గా మారింది. కాబట్టి నలుపుతోపాటు వెండి కూడా పోతుంది. ఒకసారి క్షణకాలం ముంచి తీస్తే తెలియకపోవచ్చు. మళ్ళీ మళ్ళీ ముంచితే లస్టర్ చచ్చిపోతుంది, నాణెం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. పోయిన లస్టర్‌ని ఏ నిపుణుడూ తిరిగి తేలేడు. గ్రేడింగ్ సంస్థలు ఇలాంటి నాణేనికి అంకె గ్రేడ్ ఇవ్వకుండా ‘డీటెయిల్స్’ అని రాసి, శుభ్రం చేశారని పక్కన చెప్పడం అందుకే.

ఆ మాట మీ కేటలాగ్‌లో ఎందుకుండదు? లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూసేవాళ్ళు మీ దగ్గర ఉన్నారు. ఆ గీతలు మీకు కనిపిస్తాయి. నేరుగా పైనుంచి, చుట్టూ సమానంగా వెలుగు పడేలా తీసిన ఫోటోలో మాత్రం అవి మాయమైపోతాయి. స్కానర్ మీద పెట్టినా సరిగా కనపడకపోవచ్చు. వెలుగు కాస్త ఎక్కువైతే చచ్చిన నాణెం కూడా ధగధగలాడుతుంది. అందరూ కావాలని చేస్తారని నేననను. కానీ ఫోటో పద్ధతి వల్ల ప్రతిసారీ నష్టపోయేది కొనేవాడే అయినప్పుడు ఆ పద్ధతి మార్చాలి. ఒక్క దీపం పక్కనుంచి పెట్టి, నాణేన్ని వంచి, ఇంకొక ఫోటో తీయండి. వీలైతే ఐదు సెకన్ల వీడియో చాలు. లస్టర్ ఉన్న నాణేనికి అంతకన్నా మంచి ప్రచారం ఉండదు.

ఈ విషయంలో నాకు డబ్బు పోయిన బాధకన్నా పెద్ద బాధ ఒకటుంది. మీ పేజీలో వందల నాణేలు చిన్న చిన్న బొమ్మలుగా వరసగా కనిపిస్తాయి. అందులో తెల్లగా ఉన్నవి ముందు కంటికి తగులుతాయి. నిజాయితీగా నల్లబడినవి వెనకబడతాయి. అది చూసి అమ్మేవాళ్ళు పంపేముందు నాణేల్ని కడుగుతున్నారు. నూటపాతికేళ్ళపాటు ఏ సంచిలోనో, ఏ కాగితపు పొట్లంలోనో పడి ఉండి, అంచుల దగ్గర నీలం, మధ్యలో తేనెరంగు తేలిన ఒక నాణెం ఐదు సెకన్లలో బోసిపోతుంది. నా కళ్ళముందే ఇలా జరిగింది. ఒక వేలంలో రంగుతేరి ఉన్న నాణేన్ని నేను చేజార్చుకున్నాను. కొన్ని నెలల తర్వాత అదే నాణెం, బుగ్గ మీద అదే గాటుతో, ఇంకో వేలంలో తెల్లగా వచ్చింది. అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. ‘పంపేముందు కడగవద్దు, రుద్దవద్దు’ అని అమ్మేవాళ్ళకిచ్చే సూచనల్లో మొదటి వరుసలో మీరు పెడితే ఎన్ని నాణేలు బతుకుతాయో ఆలోచించండి. గంధకంతోనో వేడితోనో కృత్రిమంగా రంగులు తెప్పించేవాళ్ళూ ఉన్నారు, నిజమే. కానీ అనుమానం ఉన్నప్పుడు ‘రంగు సహజమైనదని చెప్పలేం’ అని రాయడానికి మీకు అడ్డేముంది?

ఇక బరువు. ఇందులో అభిప్రాయానికి చోటే లేదు. మోర్గన్ డాలర్ 26.73 గ్రాములు. ఆస్ట్రియా వెండి నాణెం మరియా థెరీసా థాలర్ 28.07. విక్టోరియా రాణి రూపాయి 11.66. టంకశాలలు ఈ లెక్కలకు కట్టుబడి నాణేలు తయారుచేశాయి. అరిగితే కొంచెం తగ్గుతుంది, కానీ బొమ్మ స్పష్టంగా ఉన్న నాణెంలో గ్రాములకు గ్రాములు తగ్గవు. రెండు దశాంశాల వరకు చూపే తూకం ప్రతి వేలం సంస్థ దగ్గరా ఉంటుంది. అయినా ఎన్నో లాట్‌లకు, అంటే వేలానికి పెట్టే ఒక్కో అంశానికి, బరువు రాయరు. అడిగితే ‘తర్వాత చెబుతాం’ అంటారు, అప్పటికి వేలం అయిపోతుంది.

నాకు తెలిసిన ఒకాయన స్పెయిన్ వారి 8 రియాలెస్ నాణెం ఒకటి ఇలాగే కొన్నారు. దాదాపు 27 గ్రాములుండాలి. చేతికొచ్చాక తూస్తే 24 కూడా లేదు. లోపల ఇత్తడి జాతి లోహం, పైన వెండి పూత. పైన పటారం, లోన లొటారం అంటే అదే. కేటలాగ్‌లో బరువు ఒక్కటి ఉంటే ఆయన ఆ జోలికే పోయేవారు కాదు. ఆ నాణెం అంచు ఫోటో కూడా పెట్టలేదు. 1772 నుంచి వచ్చిన ఆ రకం నాణేల అంచు మీద ఒక వృత్తం, ఒక దీర్ఘచతురస్రం వరసగా ఉంటాయి. ఆ నాణెం అంచు చుట్టూ పోతపోసినప్పుడు మిగిలే అతుకు గీత కనిపించింది. చేతిలోకి తీసుకున్న ఎవరికైనా అర నిమిషంలో తెలిసిపోయే సంగతి.

బరువు సరిపోయినంత మాత్రాన నాణెం అసలుదని కాదు, అదీ నాకు తెలుసు. శుద్ధమైన వెండి సాంద్రత 10.49. తొంభై శాతం వెండి ఉన్న నాణేనికి దాదాపు 10.3. ఇత్తడి 8.5 దగ్గర ఉంటుంది. కాబట్టి ఇత్తడితో అదే బరువు తేవాలంటే నాణెం లావవ్వాలి. అందుకే బరువుతోపాటు అడ్డుకొలత, మందం కూడా రాయమంటున్నాను. ఇంట్లో నేను చేసే పరీక్ష ఒకటి చెబుతాను. తూకం మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నాకి తెస్తాను. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకు తగలకుండా నీళ్ళలోకి వేలాడదీస్తాను. అసలు మోర్గన్ డాలర్ అయితే తూకం దాదాపు 2.6 గ్రాములు చూపిస్తుంది. అదే బరువున్న ఇత్తడి నాణేనికి 3.1 దాటుతుంది. బలమైన అయస్కాంతం కూడా కొంత చెబుతుంది. వెండి దానికి అతుక్కోదు. నాణేన్ని ఏటవాలుగా పెట్టి అయస్కాంతాన్ని దాని మీద వదిలితే ఆగి ఆగి నెమ్మదిగా జారుతుంది. లోహాన్ని పరీక్షించే ఎక్స్‌రే యంత్రం రిపోర్టు పెట్టి అదే ఆఖరి మాట అన్నట్టు రాసే సంస్థలకు ఒక మనవి. ఆ యంత్రం చూసేది పైపొర మాత్రమే. పూత మందంగా ఉంటే దాన్నీ మోసం చేయవచ్చు. ఆ రిపోర్టు పక్కన బరువు, సాంద్రత కూడా రాయండి.

అంచు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ఫోటోల్లో అందరూ వదిలేసేది దాన్నే. బొమ్మా బొరుసూ చూపించి నాణెం మొత్తం చూపించామనుకుంటారు. నాణేన్ని మెడలో వేసుకోవడానికి ఎవరైనా ఎప్పుడైనా కొక్కెం అతికించి ఉంటే ఆ మచ్చ ఉండేది అంచు మీదే. కొక్కెం పీకేసి, టాంకం గీకేసి, ఆకురాయితో సాపు చేసి ‘అప్పటి అంచు గీట్లు కొద్దిగా అరిగాయి’ అని అమ్ముతారు. అంచు గీట్లు ఒక చోట మాత్రమే ఎందుకు అరుగుతాయి? ఇలాంటి నాణెం కొనకూడదని నేననను. ఎవరో ఇష్టపడి ఒంటి మీద ధరించిన నాణెం అది, ఆ కథకూ ఒక విలువుంది. ఆ కథ చెప్పి, దానికి తగిన ధరకు అమ్మండి. అంచు చుట్టూ నాలుగు ఫోటోలు పెడితే మీరు ప్రత్యేకంగా రాయక్కర్లేదు కూడా.

తేదీల సంగతి క్లుప్తంగా చెబుతాను. మరియా థెరీసా 1780లో చనిపోయింది. ఆ ఏడాది వేసిన థాలర్ నాణేన్ని వర్తకులు నమ్మి వాడేవారు. అందుకే తర్వాత కూడా, 20వ శతాబ్దంలో కూడా, వియన్నాలోనూ మరికొన్ని టంకశాలల్లోనూ 1780 అనే తేదీతోనే ముద్రిస్తూ వచ్చారు. అలా తర్వాత ముద్రించినదాన్ని ‘18వ శతాబ్దపు నాణెం’ అని వేలం వేయడం తప్పు. అలాగే 1862 తేదీ ఉన్న విక్టోరియా రూపాయిని ఆ తర్వాత కూడా కొన్నేళ్ళపాటు ముద్రించారు. దాని మీద ఉండే చుక్కలను బట్టి రకాలు విడదీస్తారు. ఆ చుక్కలు కనపడని ఫోటో వల్ల కొనేవాడికి ఏ ఉపయోగమూ లేదు.

స్లాబ్‌లో ఉన్న నాణెం అయితే బెంగ లేదనుకునే రోజులు కూడా పోయాయి. నకిలీ స్లాబ్‌లు వస్తున్నాయి, అసలు నంబర్లే వాటి మీద వేస్తున్నారు. స్లాబ్ మొత్తం, ముందూ వెనకా, నంబరు చదవగలిగేలా ఫోటో తీయండి. అప్పుడు మేం గ్రేడింగ్ సంస్థ పెట్టిన ఫోటోతో పోల్చుకోగలం. నాణెం వరకే కత్తిరించి పెట్టిన ఫోటో ఆ అవకాశాన్ని తీసేస్తుంది. నకలు నాణేలను నకలు అని చెప్పి అమ్మేవాళ్ళతో నాకు పేచీ లేదు. అమెరికాలో 1973లో వచ్చిన చట్టం అలాంటి నాణేల మీదే ‘కాపీ’ అన్న మాట ఉండాలంటుంది. ఆ మాట లేని నకలును మీరు ఏ దేశంలో ఉన్నా వేలానికి తీసుకోవద్దని వేడుకుంటున్నాను.

వేలం నడిచే తీరు మీద రెండే మాటలు. నాణెం గురించి ప్రశ్న అడిగితే వేలం ముగియడానికి కనీసం ఒకరోజు ముందు జవాబివ్వండి. ఆ జవాబు అడిగినవాడికే కాక అందరికీ కనపడేలా పెట్టండి. చివరి నిమిషంలో గడియారం తిరుగుతుంటే అసలే టెన్షన్. పక్కవాడు పెంచుతుంటే చెయ్యి ఆగదు. వాయిదా వేసిన ప్రశ్నలన్నీ ఆ నిమిషంలో మరిచిపోతాం. ఇక వాపసు గడువు. వేలం ముగిసిన రోజు నుంచి ఏడు రోజులంటే, పార్సిల్ పది రోజులకు చేరేవాడికి గడువు లేనట్టే. చేతికి అందిన రోజు నుంచి లెక్కపెట్టండి. పంపేటప్పుడు మెత్తటి పీవీసీ కవర్లు వాడకండి. అవి పాతబడి ఆమ్లం వదులుతాయి, వెండి మీద ఆకుపచ్చ జిగట పట్టిస్తాయి. మీరు ఎంతో జాగ్రత్తగా ఉంచిన నాణెం దారిలోనే పాడవడం మొదలవుతుంది.

ఇదంతా ఎవరు చేస్తారు, వందల లాట్‌లు ఉంటాయి కదా అని మీరనవచ్చు. నేనూ ఆలోచించాను. తూచడానికి పది సెకన్లు, అడ్డుకొలతకు ఇంకో పది. నాణెం ఎలాగూ కెమెరా కింద ఉంది, దాన్ని వంచి మరో ఫోటో, నిలబెట్టి అంచు ఫోటో. లాట్‌కు రెండు మూడు నిమిషాలు పెరుగుతాయి. చవక నాణేలను గుత్తగా అమ్మే లాట్‌లకు ఇంత అక్కర్లేదు, అది న్యాయమే. ఒంటరిగా వేలానికి పెట్టిన నాణేనికి, గ్రేడ్ చెప్పి ధర పెంచుతున్న నాణేనికి చేయండి. మీ దగ్గర కొన్న ధర మీద కొనేవాడి రుసుము కూడా వసూలు చేస్తున్నారు. ఆ రుసుముకు మేం ఆశించేది ఈ రెండు మూడు నిమిషాల పనే.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఏమీ చెప్పని చోట కొనేవాడు మనసులో నష్టాన్ని ముందే లెక్కేసుకుని తక్కువ పాడతాడు. అప్పుడు నిజంగా ముట్టుకోని, కడగని నాణెం పంపిన అమ్మకందారుకు కూడా తక్కువే వస్తుంది. రుద్దినవాడికీ రుద్దనివాడికీ ఒకే ధర పలికితే మంచి నాణేలు మీ దగ్గరికి రావడం తగ్గిపోతుంది. ఒక చిన్న వేలందారు ఉన్నారు. ‘బొమ్మకు ఎడమవైపు ఖాళీ భాగంలో రుద్దిన గీతలున్నాయి, 9 గంటల చోట అంచు మీద చిన్న గాటు’ అని రాస్తారు. బరువు రాస్తారు. ఆయన దగ్గర నేను ఎప్పుడూ ఎక్కువే పాడతాను, ఎందుకంటే పార్సిల్ విప్పేటప్పుడు నా గుండె వేగంగా కొట్టుకోదు. కొన్నది ఏదో ముందే తెలిసి ఉంటుంది.

కాబట్టి నేనడిగేది ఇది. ‘గ్రేడ్ అభిప్రాయం’ అన్న వాక్యాన్ని ఉంచుకోండి. దాని కిందే ఇంకొక వాక్యం చేర్చండి: ‘బరువు, కొలతలు, శుభ్రం చేసిన జాడ, అంచు మరమ్మతు, తర్వాతి కాలపు ముద్రణ, ఇవి అభిప్రాయాలు కావు. వీటిలో మేం చెప్పనిదేదైనా బయటపడితే నాణెం వాపసు తీసుకుంటాం.’ ఒక్కసారి అన్ని లాట్‌లకూ కుదరకపోతే వచ్చే వేలంలో వెండి డాలర్లూ థాలర్లూ ఉన్న విభాగంతో మొదలుపెట్టండి.

ఆ 1881 డాలర్ ఇంకా నా దగ్గరే ఉంది. దాని పక్కనే అదే ఏడాది, అదే టంకశాల డాలర్ ఇంకొకటి ఉంది, ఎవరూ రుద్దనిది. రెంటినీ ఒకే దీపం కింద వంచి తీసిన వీడియో తయారుచేశాను. ఏ సంస్థ అడిగినా పంపుతాను. కేటలాగ్ రాసే మీ కొత్త ఉద్యోగులకు మొదటి రోజు అది చూపించండి.

ఇట్లు,
మీ వేలాల్లో పాడే ఒక నాణేల సేకర్త